మీ పనిలోని సమస్యను యూనివర్సిటీ ల్యాబ్ దాకా తీసుకెళ్లడం ఎలా? వరంగల్, ఉత్తర తెలంగాణ వాళ్ల కోసం

"ఎన్‌ఐటీ గేటు లోపలికి మాలాంటి వాళ్లను రానిస్తారా?" "కేయూలో (కాకతీయ యూనివర్సిటీలో) ఎవర్ని కలవాలి?" "చెప్పాక నా ఐడియా ఎవరైనా కొట్టేస్తే?" మిర్చి రైతుల నుంచి, కొత్తవాడ దర్రీ కార్మికుల నుంచి, సిరిసిల్ల మరమగ్గాల వాళ్ల నుంచి, రైస్ మిల్లు మెకానిక్‌ల నుంచి ఈ మూడు ప్రశ్నలే మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను.

రానిస్తారు. ఎవర్ని కలవాలన్నది మీ సమస్యను బట్టి మారుతుంది. ఐడియా పోకుండా ఉండాలంటే నలుగురికీ చూపించే ముందు చేయాల్సిన పని ఒకటుంది, అది 6వ మెట్టులో చెప్తాను.

ఎందుకు వెళ్లాలన్నది కొద్దిగా చెప్పి అసలు పనిలోకి దిగుదాం. పెద్ద కంపెనీకి సొంత ల్యాబ్ ఉంటుంది. పరకాలలో వెల్డింగ్ షాపుకు, నర్సంపేటలో మిర్చి రైతుకు ఉండదు. 2020-21 లెక్క ప్రకారం మన దేశంలో పరిశోధన మీద పెట్టే ఖర్చంతా కలిపినా జీడీపీలో 0.64 శాతమే. ఇలాంటి చోట చిన్నవాళ్లకు అందుబాటులో ఉండే ల్యాబ్ అంటే ప్రభుత్వ సొమ్ముతో నడిచే యూనివర్సిటీదే. దేశంలోనే మొదటి రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీగా 1959లో మొదలైన ఎన్‌ఐటీ మన దగ్గరే ఉంది. 1976లో వచ్చిన కాకతీయ యూనివర్సిటీ కూడా ఇక్కడే ఉంది. వాటిని అడగడం మన హక్కని నేను గట్టిగా నమ్ముతాను. అడిగే పద్ధతి తెలియక గేటు దగ్గరి నుంచే వెనక్కి తిరిగి వచ్చేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

అర్థం కావడానికి మొత్తం ఒకే ఉదాహరణ తీసుకుంటాను: కల్లంలో మిర్చి ఆరబెట్టడం. మీ సమస్య మగ్గమైనా, మిల్లు అయినా, పసుపు ఉడకబెట్టే బాయిలర్ అయినా మెట్లు ఇవే.

ముందుగా కావాల్సినవి

- ఒక నోటుబుక్కు, నమ్మకమైన కాటా, ఫోన్ కెమెరా.
- మీ సమస్య మీద వేర్వేరు రోజుల్లో రాసుకున్న కొలతలు.
- ఆధార్. రైతైతే పట్టాదారు పాస్‌బుక్. షాపు ఉంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల నమోదు). ఇది ఆన్‌లైన్‌లో పూర్తిగా ఉచితం, పైసలు అడిగేవాళ్లకు ఇవ్వకండి.
- మీరు రోజూ తెరిచి చూసుకునే ఒక ఈమెయిల్.
- కనీసం ఒక పంటకాలం ఆగే ఓపిక.

1. సమస్యను అంకెల్లో రాయండి

ఎక్కువమంది ఇక్కడే తప్పు చేస్తారు. "నాకు సోలార్ డ్రైయర్ కావాలి సార్" అని వెళ్తారు. అది మీరు ముందే అనుకున్న జవాబు. ప్రొఫెసర్‌కు కావాల్సింది ప్రశ్న. "మార్చిలో కల్లంలో పోసిన పండు ఆరడానికి పది రోజులు దాటుతోంది, మధ్యలో ఒక్క వాన పడితే ఇంత తాలు (రంగు చెడిన కాయ) అవుతోంది, ఎనుమాముల మార్కెట్లో తాలుకు, మంచి కాయకు ధరలో ఇంత తేడా" అని చెప్పండి. అప్పుడు ఆయనకు ఆలోచించడానికి ఏదో దొరుకుతుంది.

ఏమేం రాయాలి? రకం పేరు (తేజనా, చపాటానా, ఇంకేదైనానా). ఒక ఏరుడుకు (ఒకసారి కాయ కోతకు) ఎన్ని కిలోల పండు వచ్చింది, ఎండాక ఎన్ని కిలోలు మిగిలింది. ఎన్ని రోజులు పట్టింది. తిరగేయడానికి ఎంతమంది కూలీలు, ఎంత ఖర్చు. తాలు ఎన్ని కిలోలు. మార్కెట్ తక్‌పట్టీల (అమ్మకం రసీదుల) ఫొటోలు. ఇలా మూడు నాలుగు ఏరుళ్లకు రాస్తే చాలు.

తర్వాత రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ సమస్య తీరితే ఏడాదికి నాకు ఎంత మిగులుతుంది? ఇదే సమస్య నా చుట్టుపక్కల ఇంకెంతమందికి ఉంది? రెండోదానికి జవాబు "నాకొక్కడికే" అయితే యూనివర్సిటీ అవసరం లేదు, మంచి మెకానిక్ చాలు.

"ప్రపంచంలో ఎవరూ చేయలేదు" అని మాత్రం రాయకండి. ముందు వెతకండి. పేటెంట్ అంటే కొత్తగా తయారుచేసినదాని మీద దాన్ని చేసినవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే హక్కు. పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో ఇన్‌పాస్ అనే వెతుకులాట పేజీ అందరికీ ఉచితం. డ్రైయర్ల మీదైతే బోలెడన్ని కనిపిస్తాయి. దాంతో నిరాశపడాల్సిన పని లేదు. అవన్నీ మన కల్లాల్లో ఎందుకు కనిపించడం లేదన్నదే మీ అసలు ప్రశ్న. ఖరీదు ఎక్కువా? ఒక్కసారికి పట్టే కాయ తక్కువా? రంగు పోతోందా? ఆ కారణం మీకు తెలిసినంతగా ప్రొఫెసర్‌కు తెలియదు, అది మీరే చెప్పాలి.

2. సరైన తలుపు వెతకండి

"యంత్రం కాబట్టి మెకానికల్" అనుకుంటారు. ఆరబెట్టడం అనే విద్యను లోతుగా చదివేది కెమికల్ ఇంజినీరింగ్ వాళ్లు. ఎన్‌ఐటీలో ఆ విభాగం ఉంది. వేడి గాలి ఎంత, తేమ ఎంత వేగంగా పోతుంది అన్నవి వాళ్లు చూస్తారు. ట్రే, ఫ్రేము, మోటారు సంగతి మెకానికల్ వాళ్లు చూస్తారు. కాబట్టి విభాగం పేరు చూసి ఆగకండి. వెబ్‌సైట్‌లో ప్రతి అధ్యాపకుడి పేజీలో ఏ అంశం మీద పనిచేస్తున్నారో రాసి ఉంటుంది. అది చదివి ఇద్దరు ముగ్గురి పేర్లు రాసుకోండి.

ఆహార పదార్థాలు, మొక్కల మందులు, సూక్ష్మజీవుల సంగతి అయితే కాకతీయ యూనివర్సిటీలో మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, ఫార్మసీ విభాగాలు ఉన్నాయి. వరి, పత్తి విషయాలకు వ్యవసాయ యూనివర్సిటీ పరిశోధన స్థానాలు వరంగల్‌లో, జగిత్యాల దగ్గర పొలాసలో ఉన్నాయి. జగిత్యాల సన్నాలు, వరంగల్ నుంచి వచ్చిన సిద్ధి వరి మన పొలాల్లోకి వచ్చింది ఇక్కడి నుంచే. యూనివర్సిటీ పని రైతు దాకా ఎలా చేరుతుందో చూడాలంటే అంతకన్నా దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

మిర్చి, పసుపు మాత్రం తోటపంటల కిందికి వస్తాయి. వాటి సాగు సంగతులకు కొండా లక్ష్మణ్ తెలంగాణ హార్టికల్చర్ యూనివర్సిటీని అడగాలి. ఇక్కడ ఊరి పేర్లతో జాగ్రత్త. ఆ యూనివర్సిటీ ఉన్న ములుగు సిద్దిపేట జిల్లాలోది, సమ్మక్క సారలమ్మల ములుగు కాదు. వాళ్ల మల్యాల పరిశోధన స్థానం మహబూబాబాద్ జిల్లాలోది, జగిత్యాల జిల్లా మల్యాల కాదు. 2025లో వరంగల్ చపాటా మిర్చికి జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు ప్రత్యేక సరుకు అన్న గుర్తింపు) వచ్చిందంటే తిమ్మంపేట మిర్చి రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ, ఆ పరిశోధన స్థానం కలిసి పనిచేయడం వల్లే.

కరీంనగర్ వాళ్లకు శాతవాహన, నిజామాబాద్ వాళ్లకు డిచ్‌పల్లిలో తెలంగాణ యూనివర్సిటీ, నిర్మల్ వైపు వాళ్లకు బాసర ట్రిపుల్ ఐటీ ఉన్నాయి. జేఎన్టీయూ ఇంజినీరింగ్ కాలేజీలు కొండగట్టు దగ్గర, మంథనిలో, సిరిసిల్లలో ఉన్నాయి. పేరు పెద్దదని దూరం వెళ్లకండి. నెలకు రెండుసార్లు వెళ్లిరాగలిగే కాలేజీ మేలు.

ఎవరూ తెలియకపోతే కాలేజీకి ఫోన్ చేసి "ఇన్నోవేషన్ కౌన్సిల్ కోఆర్డినేటర్ ఎవరండీ?" అని అడగండి. 2018 నుంచి కేంద్ర విద్యాశాఖ కాలేజీల్లో ఈ కౌన్సిళ్లు పెట్టిస్తోంది. అలాగే ఉన్నత్ భారత్ అభియాన్ కింద ఒక్కో విద్యాసంస్థ కొన్ని ఊళ్లను దత్తత తీసుకుంటుంది. మీ ఊరు ఏ కాలేజీ జాబితాలోనైనా ఉందేమో పంచాయతీలో కనుక్కోండి. ఉంటే సగం పని అయినట్టే.

3. సరైన నెలలో వెళ్లండి

దీన్ని ఎవరూ పట్టించుకోరు, పని ఆగిపోయేది మాత్రం ఎక్కువగా ఇక్కడే. బీటెక్ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల అంశాలు దాదాపుగా జులై, ఆగస్టులో తేలిపోతాయి. ఏప్రిల్, మే వచ్చేసరికి పిల్లలు ప్రాజెక్టు అప్పజెప్పి ఉద్యోగాలకు వెళ్లిపోతారు. మిర్చి ఏరుడు జనవరి నుంచి ఏప్రిల్ దాకా. అంటే పిల్లలు తీరిగ్గా ఏప్రిల్‌లో డ్రైయర్ తయారు చేస్తే అందులో పోయడానికి పండు ఉండదు. ఖాళీ యంత్రానికి మార్కులు పడతాయి, అది ఓ మూలన పడుతుంది.

అందుకే జూన్ చివర్లో, జులై మొదట్లో వెళ్లండి. డిసెంబర్ ఆఖరుకు చిన్న నమూనా సిద్ధం కావాలని మొదటి రోజే చెప్పండి. పిల్లలు వెళ్లిపోయాక కూడా పని సాగాలంటే ఎంటెక్ లేదా పీహెచ్‌డీ విద్యార్థి ఒకరు ఉండటం మంచిది. పరీక్షలప్పుడు వెళ్లి "పట్టించుకోలేదు" అని కోపం తెచ్చుకోకండి.

4. ఒక్క పేజీ మెయిల్ రాయండి

తెలుగులోనే రాయండి, పర్వాలేదు. ఇంగ్లిష్ రాయగలిగిన వాళ్లుంటే రెండూ పెట్టండి. ఇలా ఉంటే చాలు:

"నమస్కారం సార్. మాది నర్సంపేట దగ్గర ఊరు. మూడెకరాల్లో మిర్చి వేస్తాను. పండు కల్లంలో ఆరడానికి పది రోజులు దాటుతోంది. గత సీజన్‌లో నాలుగు ఏరుళ్ల కొలతలు, ఫొటోలు జతచేశాను. రంగు పోకుండా నాలుగు రోజుల్లోపు ఆరబెట్టే పద్ధతి కావాలి. ఒక్కసారికి రెండు క్వింటాళ్ల పండు పట్టాలి. పరీక్షకు కావాల్సిన పండు, స్థలం, కూలీ నేను ఇస్తాను. ఈ ఏడాది ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా తీసుకునే వీలుంటే వచ్చి కలుస్తాను. మీరు ఒకసారి మా కల్లానికి వచ్చినా సంతోషం."

"పండు, స్థలం, కూలీ నేను ఇస్తాను" అన్న వాక్యం తీసేయకండి. పరీక్షించడానికి నిజమైన పొలం దొరకడం ప్రొఫెసర్లకు పెద్ద సాయం.

పది రోజుల్లో జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేయండి. అప్పుడూ రాకపోతే జాబితాలో రెండో పేరుకు పంపండి. ఒకేసారి పదిమందికి ఒకే మెయిల్ కొట్టకండి. ఎవరో ఒకరు చూస్తారులే అని అందరూ వదిలేస్తారు.

5. మొదటి సమావేశం

వట్టి చేతులతో వెళ్లకండి. కిలో మంచి కాయ, కిలో తాలు, నోటుబుక్కు పట్టుకెళ్లండి. సార్‌కో మేడంకో ఎదురుగా తాలు పోసి చూపిస్తే చాలా మాటలు ఆదా అవుతాయి.

అడగాల్సినవి: దీని మీద రోజువారీ పనిచేసేది ఎవరు? ఏ నెలకు ఏం చేతికొస్తుంది? పరీక్షలకు ఫీజు ఎంత? ఫీజు కట్టాల్సి వస్తే సంస్థ ఖాతాలోకే కట్టి రసీదు తీసుకోండి. టెస్టింగ్, కన్సల్టెన్సీ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, ముందే లెక్కలో పెట్టుకోండి.

వచ్చేటప్పుడు వాళ్లను కల్లానికి పిలవండి. తేదీ ఖాయం చేసుకునే లేవండి. ల్యాబ్‌లో ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంది. మీ దగ్గర కరెంటు ఎప్పుడు వస్తుందో, వోల్టేజీ ఎంత పడిపోతుందో, కోతుల సంగతేంటో అక్కడికొచ్చి చూస్తేనే తెలుస్తుంది.

6. ఎవరిది ఎంతో కాగితం మీద పెట్టండి

నిదానంగా చదవండి.

మొదటిది, దరఖాస్తు పెట్టకముందే విషయం బయటపడటం. పేటెంట్ కావాలనుకుంటే దరఖాస్తు పెట్టేదాకా యూట్యూబ్‌లో, ఫేస్‌బుక్‌లో, ఊరి వాట్సాప్ గ్రూపులో వీడియో పెట్టకండి. పత్రికకూ చెప్పకండి. మామూలు ప్రదర్శనలోనూ పెట్టకండి. బయటపడిన విషయం "కొత్తది" కాకుండా పోతుంది, ఆ కారణంతోనే దరఖాస్తు తిరస్కరించవచ్చు. విద్యార్థి ప్రాజెక్టు రిపోర్టు అందరికీ కనిపించేలా పెట్టినా ఇదే చిక్కు.

రెండోది, తాత్కాలిక దరఖాస్తు. దీన్నే ప్రొవిజినల్ అంటారు. మనిషి పేరు మీద ఆన్‌లైన్‌లో వేస్తే ప్రభుత్వ ఫీజు 1,600 రూపాయలు. దాంతో మీ తేదీ ఖాయమవుతుంది. ఆ రోజు నుంచి 12 నెలల్లో పూర్తి దరఖాస్తు పెట్టాలి, లేదంటే అది రద్దయినట్టే. పరిశీలన కోసం విడిగా దరఖాస్తు, విడిగా ఫీజు. ఇవన్నీ తెలియక ప్రొవిజినల్ కాగితం చూపించి "నాకు పేటెంట్ వచ్చింది" అని చెప్పుకునేవాళ్లు చాలామంది. రాలేదు, దరఖాస్తు పెట్టారంతే.

మూడోది, దేనికి రాదు. వ్యవసాయ పద్ధతికి మన చట్టం ప్రకారం పేటెంట్ ఇవ్వరు, యంత్రానికి రావచ్చు. తాతల నాటి నుంచి వస్తున్న జ్ఞానానికి ఇవ్వరు. మీరు సొంతంగా నిలబెట్టుకున్న విత్తన రకం ఉంటే దాని దారి వేరు. 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల చట్టం కింద నమోదు చేసుకోవాలి. ఆ చట్టం కింద రైతులకు ఫీజులు లేవు.

నాలుగోది, వాటా. సంస్థ ల్యాబును, నిధులను బాగా వాడుకుని తయారైనదైతే హక్కు తయారుచేసినవాళ్లకూ సంస్థకూ ఉమ్మడిగా ఉండాలని విద్యాశాఖ 2019 స్టార్టప్ విధానం చెప్తోంది. స్టార్టప్ పెట్టి వాళ్ల సౌకర్యాలు వాడుకుంటే 2 నుంచి 9.5 శాతం దాకా వాటా తీసుకోవచ్చని కూడా అందులో ఉంది. అది న్యాయమేనని నా అభిప్రాయం. కానీ అందులో మీ పేరు తయారుచేసినవాళ్ల జాబితాలో ఉండాలి. సమస్య చెప్పినంత మాత్రాన పేరు రాదు. పరిష్కారంలో మీ ఆలోచన ఉండాలి, ఉన్నట్టు రుజువు కావాలి. తేదీలు వేసిన మీ నోటుబుక్కు, మీరు గీసిన బొమ్మలు, పంపిన మెయిళ్లే ఆ రుజువు.

లాయర్ దగ్గరికి పోవాల్సినంత పెద్ద ఒప్పందం మొదట్లో అక్కర్లేదు. ఎవరు ఏం ఇస్తున్నారు, ఎవరి పేర్లు పెడతారు, అమ్మకం మొదలైతే ఎవరికెంత, విషయం ఎప్పటిదాకా బయటపెట్టకూడదు అన్న నాలుగు సంగతులు ఒక పేజీలో రాసి, సంస్థ తరఫున అధికారం ఉన్నవాళ్ల సంతకం తీసుకోండి. "మనలో మనకు కాగితాలెందుకు" అన్న మాట ఎంత ప్రేమగా అన్నా వినకండి.

7. పైసలు

నమూనా తయారీకి కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ నిధి-ప్రయాస్ కింద 10 లక్షల దాకా గ్రాంటు ఉంది. కంపెనీ లేకపోయినా మనిషిగా దరఖాస్తు చేయవచ్చు. ఎంఎస్‌ఎంఈ శాఖ ఇన్నోవేటివ్ పథకం కింద ఒక్కో ఆలోచనకు 15 లక్షల దాకా ఇస్తారు. కంపెనీ పెట్టి రెండేళ్లు దాటకపోతే స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ కింద 20 లక్షల దాకా గ్రాంటు అడగొచ్చు. వ్యవసాయానికి సంబంధించిందైతే కేంద్ర వ్యవసాయ శాఖ ఆర్‌కేవీవై పథకం (ఇంతకుముందు ఆర్‌కేవీవై-రఫ్తార్ అనేవాళ్లు) చూడండి. ఇవన్నీ నేరుగా మీకు రావు, ఇంక్యుబేటర్ (కొత్త ఆలోచనలకు చోటు, సాయం ఇచ్చే కేంద్రం) ద్వారా వస్తాయి. వరంగల్‌లో ఎన్‌ఐటీలోని ఇంక్యుబేషన్ సెంటర్‌లో, హసన్‌పర్తి దగ్గర ఎస్‌ఆర్ యూనివర్సిటీలో ఉన్న ఎస్‌ఆర్ ఇన్నోవేషన్ ఎక్స్ఛేంజ్‌లో ఏ పథకానికి ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో అడగండి.

ఈ డబ్బు నమూనాకే. అప్పు తీర్చడానికి, స్థలం కొనడానికి వాడకూడదు, బిల్లులు చూపించాలి. గ్రాంటు ఇప్పిస్తానని కమిషన్ అడిగే ఏజెంటును దగ్గరికి రానివ్వకండి.

8. నమూనా వచ్చాక పరీక్షించండి

"బాగా పనిచేస్తోంది" అన్న మాట మీరే కాదు, ఎవరు చెప్పినా నమ్మకండి. లెక్క వేయండి.

పండులో తేమ 75 శాతం ఉందనుకుందాం. 100 కిలోల పండులో అసలు పదార్థం 25 కిలోలే. 10 శాతం తేమకు ఆరితే దాదాపు 28 కిలోలు మిగలాలి, అంటే 72 కిలోల నీరు పోవాలి. యంత్రంలోంచి తీసినప్పుడు 35 కిలోలు తూగితే లోపల ఇంకా 28 శాతానికి పైగా తేమ ఉన్నట్టు. పైకి గలగలమన్నా బస్తాలో బూజు పడుతుంది. తేమ మీటరు ఉంటే మంచిదే. కానీ దాన్ని ఒకసారి ల్యాబ్‌లో ఓవెన్ పద్ధతితో సరిచూడండి.

ఇంకో లెక్క. ఆ 72 కిలోల నీటిని ఆవిరి చేయడానికే కనీసం 48 యూనిట్ల కరెంటుతో సమానమైన వేడి కావాలి. నష్టాలు కలిపితే ఇంకా ఎక్కువ. చిన్న సోలార్ ప్యానెల్, ఒక ఫ్యాన్ పెట్టి "ఒక్కరోజులో క్వింటా ఆరుతుంది" అని ఎవరైనా చెప్తే ఆ వేడి ఎక్కడి నుంచి వస్తోందో అడగండి. ఎండ నుంచి అంటే ఎన్ని చదరపు అడుగుల మీద పడుతున్న ఎండో అడగండి.

తర్వాత అసలైన పోటీ పెట్టండి. ఒకే రోజు ఏరిన కాయను రెండు సమాన భాగాలు చేయండి. సగం కల్లంలో, సగం యంత్రంలో. రోజులు, కూలీ, కరెంటు, తాలు విడివిడిగా రాయండి. గాలి వేడి 60 డిగ్రీలు దాటనివ్వకండి, రంగు దెబ్బతింటుంది. రెండు లాట్లూ ఎండాక ఒకే రోజు ఎనుమాములకు తీసుకెళ్లండి, ఏది ఏదో వ్యాపారికి చెప్పకండి. ధరలో వచ్చిన తేడాలోంచి ఖర్చు తీసేయండి. మిగిలితేనే యంత్రం పనిచేసినట్టు. వేర్వేరు ఏరుళ్లతో, ఒక మబ్బు రోజుతో కలిపి, ఇలా మూడుసార్లు చేయండి.

ఆ తర్వాత దాన్ని మీ పక్క రైతుకు ఇచ్చేసి, మీరూ విద్యార్థులూ దూరంగా ఉండండి. ఆయన వారం రోజులు ఎవర్నీ పిలవకుండా నడిపితే సరే. రోజుకు మూడుసార్లు ఫోన్ వస్తే అది ఇంకా ల్యాబ్‌లోనే ఉన్నట్టు.

వైద్య పరికరం తయారుచేసేవాళ్లకు ఒక హెచ్చరిక: ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఒక్క రోగి మీద కూడా వాడకండి, డాక్టర్ మీకు బంధువైనా సరే.

9. యూనివర్సిటీ పలకకపోతే

ఇతర దారులు ఉన్నాయి. పాలిటెక్నిక్, ఐటీఐ వర్క్‌షాపుల్లో చేయి తిరిగిన ఇన్‌స్ట్రక్టర్లు ఉంటారు. చాలా నమూనాలకు వాళ్లే చాలు. హైదరాబాద్‌లో 2023లో మొదలైన టీ-వర్క్స్‌లో నమూనా తయారుచేసే యంత్రాలు ఉన్నాయి. పల్లెల్లోని ఆవిష్కర్తలను వెతికి నిలబెట్టే పల్లె సృజన, గుజరాత్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఉన్నాయి. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం గారు చీర నేతకు నూలు సిద్ధం చేసే ఆసు యంత్రం చేసింది ఏ డిగ్రీతోనూ కాదు. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్ ఇంటింటా ఇన్నోవేటర్ పేరుతో ఆగస్టు 15కు జిల్లా కేంద్రాల్లో ప్రదర్శనలు పెట్టిస్తుంది. దానికి వెళ్లే ముందు ప్రొవిజినల్ దరఖాస్తు పడిందో లేదో చూసుకోండి.

ల్యాబ్‌తో పని బాగా సాగినా, విద్యార్థులు వెళ్లిపోయేలోపు మూడు వస్తువులు మీ చేతికి రావాలి: కొలతలున్న డ్రాయింగులు, ఏ భాగం ఎక్కడ ఎంతకు కొన్నారో రాసిన జాబితా, చెడిపోతే ఎలా బాగుచేయాలో తెలుగులో రెండు పేజీలు. ఏప్రిల్ మొదటి వారంలోనే అడగండి. ఆ కాగితాలు పట్టుకుని మీకు తెలిసిన వెల్డింగ్ షాపుకు వెళ్లి, ఎవరి సాయం లేకుండా రెండో యంత్రం చేయించండి. ఎక్కడ అర్థంకాక ఆగారో గుర్తుపెట్టి, పిల్లలు ఊళ్లో ఉండగానే ఆ చోట్ల సరిచేయించుకోండి.